ఎర్ర దారం కట్టిన కుర్చీ

పెట్టె వీధి గడప దగ్గరికి వచ్చేసింది.

పది రోజులు మేడమీద మంచం కింద ఉన్న పెట్టె అది. నిన్న మంచం ఎక్కింది. ఈ పొద్దున ఇంట్లో ఎవరూ మొహాలు కడగకముందే మెట్లు దిగి వచ్చి తలుపుకి ఆనుకుని కూర్చుంది. దాని మీద వదిన గొడుగు. గొడుగు మీద వదిన చేతిసంచి. పదకొండు గంటలకి టాక్సీ వస్తుందని అందరికీ వినపడేలా గోడతో చెప్పింది వదిన.

కుర్చీలమ్మ ఆ పెట్టెని చూసి, చూడనట్టు దాటుకుని పనిగదిలోకి వెళ్లింది. తొట్టిలో నానుతున్న పేము బద్దల్ని అవసరం లేకపోయినా ఒకసారి అటూ ఇటూ తిరగేసింది.

"చూశావులే," అంది వెనక నుంచి వదిన. "కళ్లు తిప్పుకుంటే సరిపోతుందా? పెట్టె దగ్గరికొచ్చేసరికి నీ అడుగు తడబడింది. నాకు వినపడింది."

"మోకాలు నొప్పి వదినా."

"నిన్నటిదాకా లేని నొప్పి నా పెట్టెని చూడగానే పుట్టుకొచ్చిందా?"

కుర్చీలమ్మ ఇంకో బద్ద తిరగేసింది. వదినతో మాటకి మాట అనడం ఆమెకి ముప్ఫై అయిదేళ్లుగా అలవాటే కానీ, ఇవాళ నోరు తెరిస్తే మాట బదులు ఇంకేదో వస్తుందని భయం.

వదిన ఆమె భర్తకి అక్క. ముప్ఫై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని, ఎక్కడెక్కడి గొంతుల్నో ఒకదానితో ఒకటి కలిపిన మనిషి. హలో అన్న తీరుని బట్టి అవతలివాళ్లు అన్నం తిన్నారో లేదో చెప్పేసేదని పేరు. ఎక్స్‌ఛేంజి మూసేసి సామాను బయట పారేసిన రోజున, తను కూర్చున్న పేము కుర్చీని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే మోసుకుని ఇంటికి తెచ్చుకుంది. పది రోజుల కింద, ఈ వీధి చప్పుళ్లు భరించలేను, ఊరికి అవతలి చివర ఉన్న పాత స్నేహితురాలి ఇంటికి పోతాను, అక్కడ గది ఖాళీగా ఉందట అని ప్రకటించినప్పుడు కూడా ఒక్కటే షరతు పెట్టింది.

"నా కుర్చీ అల్లిక తెగిపోయింది. కొత్తగా అల్లి ఇవ్వు. అది ఆరిన రోజున పోతాను."

పేము బద్దల్ని నానబెట్టి తడి మీదే అల్లాలి. ఆరేకొద్దీ అల్లిక బిగుసుకుంటుంది. తడి మీద ఎవరైనా కూర్చుంటే మాత్రం సాగిపోయి, ఇక ఎప్పటికీ బిగుసుకోదు. అందుకని వాళ్ల కుర్చీల మరమ్మతు దుకాణంలో ఒక కట్టడి ఉంది. కొత్తగా అల్లిన కుర్చీకి ఈ చేతి నుంచి ఆ చేతికి ఎర్ర దారం కడతారు. దారం విప్పేదాకా దాంట్లో ఎవరూ కూర్చోరు.

మామూలుగా దారం రెండో రోజుకి విప్పేస్తారు. ఇవాళ పదో రోజు.

ఎందుకు ఆరలేదో ఈ ఇంట్లో కుర్చీలమ్మ ఒక్కదానికే తెలుసు. అలా అని ఆమె అనుకుంటోంది.

రోజూ పొద్దున్నే అందరికంటే ముందు లేచి, మగ్గుతో తొట్టిలోంచి నీళ్లు ముంచి ఆ అల్లిక మీద చిలకరించి పోతోంది. తప్పేనని తెలుసు. కానీ మనుషుల్ని సాగనంపడం ఆమెకి చేతకాదు. బాగుచేసిన కుర్చీని దాని సొంతదారు మోసుకుపోతుంటేనే లోపలికి వెళ్లి లేని సుత్తి కోసం వెతుక్కుంటుంది. అలాంటిది, తనతో ముప్ఫై అయిదేళ్లు పోట్లాడిన మనిషికి గుమ్మంలో నిలబడి చేయి ఊపడమే!

"ఏదీ, కుర్చీ ఎక్కడ పెట్టావు?" అంది వదిన.

"అక్కడే, మూల."

"చీకటి మూల పెడితే ఎలా ఆరుతుంది? నీకు ఎవరు నేర్పారే ఈ పని? నేనే ఎండలో పెడతాను. పదకొండు లోపల ఆరిపోతుంది." అంటూనే కుర్చీని చేతుల్లో పెట్టుకుని బయటికి నడిచింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కోపం వస్తే పాతికేళ్ల బలం.

కుర్చీలమ్మ వెనకే వెళ్లింది.

బయట వీధి అప్పుడే ఒళ్లు విరుచుకుంటోంది.

ఈ వీధి ఇలా ఉండేది కాదు. నాలుగేళ్ల కింద ఇక్కడ తాళాలు బాగుచేసే ఆయన, అచ్చుపని దుకాణం, సైకిలు ట్యూబులకి అతుకులు వేసే ఆయన ఉండేవాళ్లు. గోడలు పెచ్చులూడి ఉంటే మనుషులు సిగ్గుపడేవాళ్లు. ఇప్పుడు ఆ పెచ్చులూడిన గోడ ముందు నిలబడి ఫోటో తీయించుకోవడానికి సెలవు రోజుల్లో వరస కడుతున్నారు. అచ్చుపని దుకాణంలో గాజుసీసాల్లో మొక్కలు అమ్ముతున్నారు. సైకిళ్ల ఆయన కొట్టులో కుక్కలకి క్షవరం చేస్తారు. తాళాల ఆయన వెళ్లిపోయినా ఆయన బోర్డు అందంగా ఉందని ఉంచేసి, దాని కింద ఐస్‌క్రీం పెట్టారు. మొన్న కూడా ఒక పెద్దాయన విరిగిన తాళం పట్టుకొచ్చి, పాపం, వెనీలా తిని వెళ్లాడు.

కుర్చీలమ్మకి మొదట్లో అంతా అయోమయంగా ఉండేది. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు వేసుకున్న ఒక పిల్లని పిలిచి, "రా అమ్మా, రెండు కుట్లు వేసిస్తా," అంది కూడా. ఆ పిల్ల నవ్వి, ఆమెని కౌగిలించుకుని పోయింది. అప్పటినుంచి కుర్చీలమ్మకి ఈ కొత్త జనం మీద రహస్యంగా ఇష్టం.

వాళ్లకి మాత్రం ఈ దుకాణం దుకాణంలా కనిపించదు. బాగుచేయడానికి వచ్చిన కుర్చీలు, ఒక్కోటి ఒక్కో రకం, బయట చెట్టు నీడన వరసగా ఉంటాయి కదా. ఇది కూడా ఒక కాఫీ దుకాణమే అనుకుని వచ్చి కూర్చుంటారు. "రెండు కాఫీ" అని మేస్త్రికి చెబుతారు. మేస్త్రి అంటే కుర్చీలమ్మ భర్త. రోజుకి పది మాటలు మించి మాట్లాడని మనిషి. కాదు, లేదు అని చెప్పాలంటే రెండు మాటలు ఖర్చవుతాయని కాబోలు, లోపలికి వెళ్లి తన ఫ్లాస్కులో టీ తెచ్చి వాళ్లకి పోసి వెళ్లిపోతాడు. ఆ టీ బాగుందని ఎవరో ఎక్కడో రాశారట. దాంతో ఇంకా ఎక్కువ మంది వస్తున్నారు.

వదిన కుర్చీని ఎండ పడేచోట పెట్టి, దారానికి తన అలవాటు ప్రకారం రెండో ముడి కూడా వేసి లోపలికి వెళ్లింది. కుర్చీలమ్మ ఆకాశం వంక చూసింది. ఒక్క మబ్బు కూడా లేదు.

పది గంటలకి అనుకోనిది జరిగింది.

పెద్ద టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి, ఫోను పట్టుకున్న స్నేహితురాలితో వచ్చింది. వరసలో అన్ని కుర్చీలూ ఉండగా ఆమె చూపు దారం కట్టిన కుర్చీ మీదే పడింది. దారం విప్పింది. ముచ్చటగా ఉందని మణికట్టుకి చుట్టుకుంది. ఒయ్యారంగా, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

అల్లిక కుయ్యిమని మూలిగి, మెల్లగా, పెద్దమనిషి తరహాలో కిందికి దిగింది. టోపీ పిల్ల కూడా దానితోపాటు దిగింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. స్నేహితురాలు ఆపకుండా ఫోటోలు తీస్తూనే ఉంది.

"తియ్యడం ఆపి నన్ను తియ్యవే!" అని అరిచింది టోపీ పిల్ల.

ఎదురు కాఫీ దుకాణం నుంచి గడ్డం పరిగెత్తుకొచ్చాడు. ఆ దుకాణం అతనిదే. గడ్డం పొడుగ్గా ఉంటుందని వీధంతా అలాగే పిలుస్తుంది, అతనూ పలుకుతాడు. ఒక చెయ్యి గడ్డం, ఒక చెయ్యి మేస్త్రి పట్టుకుని లాగితే, పిల్ల సీసా మూతలా ఊడి వచ్చింది.

"సారీ ఆంటీ! ఇది కాఫీ షాపనుకున్నా," అంది పిల్ల. తర్వాత వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంది. "అయ్యో, తడి! మొత్తం తడే!"

వదిన అప్పటికే గుమ్మంలో ఉంది.

ఆమె వచ్చి సాగిపోయిన అల్లిక మీద వేలు పెట్టి నొక్కింది. వేలికంటిన తడిని చూసుకుంది. తర్వాత మరదలి మొహం చూసింది.

"పదో రోజు," అంది.

"ఈసారి పేము కాస్త లావు రకం వదినా. లావు రకం ఆరడానికి..."

"పేము లావా, నీ అబద్ధం లావా?"

చుట్టూ చేరిన జనం ఎవరి మొహం చూడాలో తెలియక కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు.

"లోపలికి రా," అంది వదిన.

లోపల పనిగదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పక్కగదిలో మేస్త్రి ఏదో కాలుకి గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీళ్లు చల్లావు."

కుర్చీలమ్మ తొట్టిలోని బద్దల్ని లెక్కపెట్టడం మొదలెట్టింది.

"చల్లావా లేదా?"

"చల్లాను." కుర్చీలమ్మ గొంతు తనకే వినపడలేదు. వదినకి వినపడింది.

"తొమ్మిది సార్లు చల్లావు," అంది వదిన. "రోజూ అయిదూ పదికి మగ్గు తొట్టికి తగిలి టక్కుమంటుంది. తర్వాత చిలకరింపు. ఆ తర్వాత నువ్వు ముక్కు చీదుతావు. మొదటి రోజు రెండుసార్లు చీదావు."

కుర్చీలమ్మ తలెత్తింది.

"మొదటి రోజు నుంచీ తెలుసా?"

"నా చెవులు ఎక్స్‌ఛేంజికి అప్పజెప్పి రాలేదు."

"అన్నీ విని మరి ఎందుకు ఊరుకున్నావు వదినా?"

పక్కగదిలో గరుకు కాగితం చప్పుడు ఆగిపోయింది.

వదిన కిటికీ దగ్గరికి వెళ్లింది. పనిగది కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఆ గోడనే చాలాసేపు చూసింది.

"ఇటు చూడు," అంది చివరికి. "నా గది పోతే నాకు మిగిలేది దీని వెనకున్న గది. దాని కిటికీకీ ఇదే గోడ. ఈ గోడ ఏం మాట్లాడుతుంది? దీనికి నేనేం బదులు చెప్పాలి?"

"నీ గది ఎందుకు పోతుంది?"

"నన్నడుగుతావేం? నీ కూతుర్ని అడుగు."

కూతురు మెట్ల మీదే ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. తల్లి చేతులు పేము అల్లుతుంటే వీడియో తీసి జనానికి చూపించిందీ, కుర్చీలు వరసగా వచ్చిపడుతున్నాయంటే కారణమైందీ తనే. ఎప్పుడూ గలగలలాడే పిల్ల, ఇప్పుడు చేతిలోని ఫోనుని అటూ ఇటూ తిప్పుతోంది.

"నేనే అన్నాను అత్తా," అంది. "గడ్డంతో అన్నాను. అల్లిక నేర్పమని చాలామంది అడుగుతున్నారు, వీధివైపు గది ఖాళీ అయితే క్లాసు పెట్టొచ్చు, అత్త వెనక గదిలో సర్దుకుంటుందిలే అని."

"విన్నావా?" అంది వదిన మరదలితో. "సర్దుకుంటుందిలే అట. పాత పెట్టెని అటకమీద పెట్టినట్టు."

"మరి ఆరు నెలలుగా నువ్వే కదా అత్తా," పిల్ల గొంతు పెరిగింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, "ఈ చప్పుడు భరించలేను, చెవులు పోతున్నాయి, కిటికీ మూయండి అంటావు. వెనక గది నిశ్శబ్దంగా ఉంటుంది, నీకు హాయిగా ఉంటుందని..."

"అంటాను! మనిషన్నాక విసుక్కోదా? విసుక్కోవడానికైనా ఏదో ఒకటి వినపడాలి కదే!"

కూతురి చేతిలో ఫోను తిరగడం ఆగింది.

"ఏడింటికి గడ్డం కాఫీ మిషను బుస్సుమంటుంది," అంది వదిన, ఈసారి మెల్లగా. "అప్పుడు నేను మంచం దిగుతాను. కుక్కల సెలూన్‌లో చిన్న తెల్లకుక్క దువ్వెన కనపడగానే ఏడుపు మొదలెడుతుంది. ఎదురు మేడమీది పిల్ల రోజూ ఎవడితోనో ఫోనులో పోట్లాడి, ఎనిమిదింటికల్లా రాజీపడుతుంది. మొన్న రాజీ పడలేదు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. ఇదంతా వదిలేసి గోడతో కాపురం చేయమంటే ఎలా?"

"మరి నీ స్నేహితురాలి ఇంట్లో?" అంది కుర్చీలమ్మ.

"అక్కడ ఇంకా నిశ్శబ్దం. చీమ నడిచినా వినపడుతుంది."

"అయితే ఎందుకు పోతానంటున్నావు?"

"పొమ్మనకముందే పోతే దాన్ని ప్రయాణం అంటారు. పొమ్మన్నాక పోతే..." వదిన ఆగిపోయింది. ముప్ఫై మూడేళ్లు ఎవరి సంభాషణనీ మధ్యలో తెంచని మనిషి, తన మాటని తనే తెంచుకుంది.

పక్కగది తలుపు తెరుచుకుంది. మేస్త్రి కనుబొమల మీద రంపపు పొట్టుతో వచ్చి నిలబడ్డాడు.

"అక్కా. పిల్ల ఆ గదిలో అలమారాలు కొట్టమంది. మేకులు తెచ్చి నెలయింది. కొట్టలేదు."

అంతే. ఆ రోజుకి తన వాటా మాటలు అయిపోయినట్టు వెళ్లి మళ్లీ గరుకు కాగితం అందుకున్నాడు.

వదిన పెదవులు కదిలాయి. ఏమందో కుర్చీలమ్మకి వినపడలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బయట టాక్సీ హారన్ మోగింది.

పదకొండు.

వదిన చేతిసంచి భుజానికి తగిలించుకుంది. గొడుగు చేతిలోకి తీసుకుంది. కూతురు మెట్ల మీదే శిలలా ఉండిపోయింది. కుర్చీలమ్మ తన అలవాటు ప్రకారం లేని సుత్తి కోసం చుట్టూ చూసింది. చేతికి అల్లిక కోసే చాకు దొరికింది. అది పట్టుకుని, బద్దల తొట్టిని ఈడ్చుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్లి, సాగిపోయిన కుర్చీ ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒక్క గాటు పెట్టింది. పది రోజులు తడిపిన అల్లిక రెండు ముక్కలైంది.

"ఏం చేస్తున్నావే?" అంది గుమ్మంలోంచి వదిన.

"కుర్చీ లేకుండా నువ్వు పోవు కదా. మళ్లీ అల్లుతున్నా." కుర్చీలమ్మ తలెత్తలేదు. "ఈసారి సరిగ్గా అల్లుతాను. నీకు మంచి కుర్చీ ఇచ్చే పంపుతాను."

"ఆంటీ," అంది టోపీ పిల్ల, మణికట్టు మీది దారాన్ని విప్పి రెండు చేతులతో ఇస్తూ. పాపం, తడి ప్యాంటుతో ఇంకా అక్కడే నిలబడి ఉంది. "పాడుచేసింది నేను. నేను కూడా ఏదైనా పట్టుకోనా?"

"నేను కూడా," అంది స్నేహితురాలు. "నేనూ చూడొచ్చా?" అంటూ మొక్కల దుకాణం నుంచి ఇద్దరు. కాఫీ కోసం నిలబడ్డ వరస మెల్లగా వంగి ఇటు తిరిగింది. ఐస్‌క్రీం తింటున్న వాళ్లు, కుక్కల్ని పట్టుకున్న వాళ్లు, పచ్చ చొక్కా వేసుకున్న ఒక భారీ మనిషి, అందరూ ఒకేసారి ముందుకి వంగారు. ఎవరి మోచేయో తొట్టికి తగిలి నీళ్లు ఒలికాయి. తెల్లకుక్క ఒక పేము బద్ద నోట కరుచుకుంది.

"ఒక్కొక్కరే మాట్లాడండి! దయచేసి వరసలో ఉండండి!"

వీధి మొత్తం ఆగిపోయింది.

ఆ గొంతు గట్టిగా లేదు. కానీ గీత గీసినట్టు నిటారుగా, స్పష్టంగా ఉంది. వంద లైన్లు ఒకేసారి మోగుతున్నా బెదరని గొంతు. కుర్చీలమ్మ ఆ గొంతు విని పదేళ్లు దాటింది.

"పచ్చ చొక్కా, మీరు వెనక్కి జరిగి వేచి ఉండండి, మీ వంతు రాగానే చెబుతాను. టోపీ అమ్మాయ్, నువ్వు ఒకటో నంబరు, ఈ పక్క బద్ద బిగించి పట్టుకో. కుక్కావిడా, ముందు మీ వాడి నోట్లోది తీయించండి, తర్వాత మాట్లాడదాం. గడ్డం! చూస్తూ నిలబడతావేం, తొట్టిలో నీళ్లు నింపు!"

"అలాగే మేడమ్!" అన్నాడు గడ్డం, తన కాఫీ దుకాణం సంగతే మర్చిపోయి.

వదిన గొడుగుని కర్రలా పట్టుకుని మనుషుల్ని కూర్చోబెట్టింది. అడుగు లేని కుర్చీల చట్రాల మీద పలకలు వేయించింది. ఒక్కొక్కరికీ ఒక్కో వరస అల్లే వంతు. "నాలుగో నంబరు, పైనుంచి కాదు, కిందనుంచి. మా మరదలు చెప్పింది వినపడలేదా? మళ్లీ కలుపుతున్నాను, సరిగ్గా వినండి." కుర్చీలమ్మ గొణిగిన ప్రతి మాటనీ వదిన పెద్దగా అందుకుని వరస చివరిదాకా చేరవేసింది. చేతులు కుర్చీలమ్మవి. గొంతు వదినది.

టాక్సీ ఆయన దిగి వచ్చాడు. "అమ్మా, పెట్టె ఎక్కించనా?"

"తొమ్మిదో నంబరు," అంది వదిన అటు తిరక్కుండానే. "కూర్చో. బద్ద జారకుండా ఈ మేకు పట్టుకో. వదిలావంటే ఊరుకోను."

ఆయన గంటసేపు మేకు పట్టుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు రెండు వరసలు అల్లి, అందరికీ చూపించి, ఫోటో కూడా తీయించుకున్నాడు. మేస్త్రి ఫ్లాస్కుతో నాలుగుసార్లు తిరిగాడు. కూతురు మెట్లు దిగి వచ్చి, చాలాసేపు గుమ్మంలో నిలబడి అత్తనే చూసింది. ఆ తర్వాత వెళ్లి వరస చివర నిలబడింది.

"ఎవరది చివర?" అంది వదిన.

"పదిహేడో నంబరు అత్తా."

"వేచి ఉండు," అంది వదిన. అని, ముందుకి తిరిగింది. ఆమె నవ్వు ఆపుకోవడం ఎదురుగా ఉన్న కుర్చీలమ్మకే కనపడింది.

సాయంత్రానికి అల్లిక పూర్తయింది. పదిహేడు రకాల చేతులు పడ్డ అల్లిక. అక్కడక్కడా వంకర, అయినా గట్టిది. జనం చప్పట్లు కొట్టుకుంటూ వెళ్లిపోయారు. కుర్చీలమ్మ ఎర్ర దారం కట్టింది.

వీధి కాస్త సద్దుమణిగాక వదిన దగ్గరికి వచ్చి కూర్చుంది.

"టాక్సీని ఎల్లుండి పదకొండింటికి రమ్మన్నాను."

కుర్చీలమ్మ చేతిలోని దారపు ఉండ కింద పడింది.

"ఒక రోజు సరదా వేరు, రోజూ ఉండే ఇల్లు వేరు," అంది వదిన. "పిల్లకి గది కావాలి. అది తప్పేమీ కాదు. వానొస్తే వీధిలో పాఠం చెబుతుందా? దీనికో దారి ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. కుర్చీ ఆరగానే పోతాను. ఈసారి నీ చేత్తో నీళ్లు ముట్టనని మాటివ్వు."

"వదినా..."

"మాటివ్వు. నీ గొంతు వినాలి."

"నా చేత్తో చల్లను," అంది కుర్చీలమ్మ. గొంతులో వణుకు తప్ప అబద్ధం లేదని వదిన చెవికి తెలిసింది. రెండు రోజులకి బట్టలు కావాలి కదా అని పెట్టెని మళ్లీ మేడమీదికి పట్టుకుపోయింది.

మర్నాడు ఎండ దంచికొట్టింది. సాయంత్రం కుర్చీలమ్మ అల్లిక మీద వేలితో కొట్టి చూస్తే డప్పులా టంగుమంది. ఇంకొక్క పూట. ఆ మోత మేడమీదికీ వినపడి ఉంటుంది. భోజనాల దగ్గర గిన్నెలు మాత్రమే మాట్లాడుకున్నాయి.

ఎల్లుండి అనుకున్న రోజు తెల్లవారింది.

కుర్చీలమ్మ అలవాటు కొద్దీ అయిదూ పదికి కిందికి దిగింది. మాటిచ్చిన మనిషి కాబట్టి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని దిగింది. చూసి పోదాం, అంతే అనుకుంది.

చివరి మెట్టు దిగగానే కాలికి చల్లగా తగిలింది.

నేల నిండా నీళ్లు. కుర్చీ నాలుగు కాళ్లూ మడుగులో ఉన్నాయి. అల్లిక నుంచి చుక్కలు టపటపా రాలుతున్నాయి. చిలకరింపు కాదు అది. స్నానం చేయించారు దానికి.

ఆమె వంగి చూసింది. కుర్చీ పక్కన మేస్త్రి గడ్డం గీసుకునే మగ్గు, బోర్లించి ఉంది. కిటికీ గట్టున కూతురు ఎప్పుడూ తెచ్చుకునే కాగితపు కాఫీ కప్పు, అడుగున ఇంకా రెండు చుక్కలు. ఇక ఎర్ర దారం. తను ఎప్పుడూ ఒక్క ముడి వేస్తుంది. ఇప్పుడు రెండు ముళ్లున్నాయి, పక్కపక్కనే, పొందికగా. ఈ ఇంట్లో దేనికైనా రెండు ముళ్లు వేసే మనిషి ఒక్కరే.

ఇంత తడి ఒక్క మనిషి పని కాదు.

కుర్చీలమ్మకి నవ్వు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మడుగు మధ్యలో నిలబడి భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

"మరదలా!" మేడమీద నుంచి గొంతు. గీత గీసినట్టు నిటారుగా ఉంది. "ఆరిందా?"

నోటితో ఏం చెప్పినా గొంతు పట్టిస్తుంది. కుర్చీలమ్మ చెయ్యి చాపి అల్లిక మీద వేలితో ఒక్కటి కొట్టింది.

దబ్.

మేడమీద మంచం కిర్రుమంది. ఆ తర్వాత పెట్టె గొళ్లెం టక్కుమంది.

అది మూసిన చప్పుడో, తెరిచిన చప్పుడో కుర్చీలమ్మకి తెలియలేదు. ఆమెకి వదిన చెవులు లేవు. ఒక చెయ్యి తడి కుర్చీ మీద వేసి, మెట్ల వైపు చూస్తూ నిలబడింది.